సంవత్సరాంతమున మన మూడవ పుస్తకము

ఫాల్గుణ బహుళపక్షము వచ్చుసరికి మా సంఘ కార్యాలయపు బల్లమీదికి రెండు పుస్తకములు చేరును. ఒకటి పాత పంచాంగము. కుట్టు దారము తెగి, అట్టమీద పసుపు మరకలు పడి, కొలది దినములలో అటుక యెక్కవలసినది. రెండవది సంఘపు చిట్టా. మార్చి 31వ తేదీ రాత్రితో దాని ఆయువు తీరును. ఒకదానిలో ఆదాయ వ్యయములు సిద్ధాంతిగారు ముందుగనే వ్రాసిపెట్టుదురు. రెండవదానిలో మేము వెనుకనుండి వ్రాసికొందుము. మొదటి దానిని సరిపుచ్చుట సులభమని మా కోశాధికారి ప్రతియేట హాస్యమాడుచుండును.

ఈ రెండు లెక్కలు సాధారణముగా ఒకదాని కొకటి ఎడముగా ముగియును. 2025వ సంవత్సరమున మాత్రము విశేషముగా జరిగినది. మార్చి 29వ తేదీ శనివారము ఫాల్గుణ అమావాస్యతో క్రోధి నామ సంవత్సరము గడచినది. 30వ తేదీ ఆదివారము విశ్వావసు ఉగాది. ఆ సాయంకాలమే మా దూదేకుల వీధివారు డాబాల నెక్కి నెలవంకకొఱకు ఎదురు చూచిరి. మరునాడు సోమవారము రంజాను పండుగ; ఆనాడే సంఘపు లెక్కలు మూయవలసిన దినము. మూడు దినములలో ఒక సంవత్సరము, ఒక ఉపవాస మాసము, ఒక చిట్టా ముగిసినవన్నమాట. పండుగపూటయైనను మా గుమాస్తాకు బల్లవద్దనుండి లేచుటకు వీలులేకపోయెను. అతనికి సేమియా పాయసము కార్యాలయమునకే వచ్చినది.

ఆ మూడు దినములలోనే మా యొద్ద మూడవ పుస్తకము పుట్టినది. అది బడిపిల్లలు కొనుకొను రెండువందల పుటల గీతల పుస్తకము. దానికి ముద్ర లేదు, క్రమసంఖ్య లేదు, దానిని తనిఖీచేయు అధికారియు లేడు. ఇప్పుడు మరల ఫాల్గుణము వచ్చినది కావున దానినిగూర్చి మా చదువరులకు కొంత చెప్పవలెనని తోచినది.

మొదట ఆ యేటి కథ చెప్పవలెను. 2024 సెప్టెంబరు 1వ తేదీ, శ్రావణ బహుళ చతుర్దశి, ఆదివారము. అంతకు ముందునుండి ఎడతెగని వాన. మునేరు ఖమ్మము పట్టణమును, బుడమేరు విజయవాడను ముంచిన వార్త లందరును ఎఱిగినవే. కృష్ణమీద ప్రకాశము బరాజునుండి సెకనుకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల నీరు దిగువకు పోయినది. 1957లో ఆ బరాజు ఏర్పడినది మొదలు అంత నీరు దానిగుండ ఎన్నడును పోలేదు. 2009 అక్టోబరులో వచ్చిన సుమారు 11 లక్షల 10 వేల ప్రవాహమునే మా వారు అంతవరకు పెద్ద వరదగా చెప్పుకొనుచుండిరి. మాది బరాజునకు దిగువ, కరకట్టకు ఆనుకొనిన యూరు. కట్టకు లోపల లంక భూములు. అరటి, పసుపు, కంద. కట్టకు వెలుపల వరి మాగాణి.

ఆ రాత్రి నీరు కట్టను సగమునకు పైగా ఎక్కినది. తాటితోపు ప్రక్కను కట్టకు బుంగ పడి వెలుపలివైపు బురదనీరు ఉబుకుచున్నదని కేక వచ్చినది. తేటనీరు ఊరిన అంత భయము లేదు. బురదనీరు వచ్చిన కట్టలోని మన్ను కొట్టుకొనిపోవుచున్నదని అర్థము. మసీదు మైకులోను రామాలయపు మైకులోను ఒకే సమాచారము చెప్పిరి. పారలు వచ్చినవి, ట్రాక్టర్లు వచ్చినవి, ఇసుక యున్నది, సంచులు లేవు. సంఘపు గిడ్డంగిలో వడ్ల కొనుగోలునకై తెప్పించిన కొత్త గోనెసంచు లుండెను. కార్యదర్శి ఊరిలో లేడు. తాళపుచెవి గుమాస్తా యొద్ద నున్నది. తీర్మానము లేక సరకు బయటకు పోరాదని నిబంధన. గుమాస్తా తాళముతీసి తాను ప్రక్కకు తొలగెను. తెల్లవారుసరికి 640 సంచులు బుంగచుట్టు దిబ్బవలె నిలిచినవి. కట్ట నిలిచినది.

తెల్లవారినది పోలాల అమావాస్య. మా వైపు స్త్రీలు ఆనాడు కందమొక్కను పూజించి, పసుపుకొమ్ము కట్టిన తోరమును పిల్లలకు కట్టుదురు. లంకలోని కందతోట లన్నియు నీటిక్రింద నుండెను. ఒక ఇంటి పెరటిలో నూతివద్ద పెరిగిన కందమొక్క యొకటి మిగిలినది. దానిని త్రవ్వి తీయనీయక, వీధివీధి స్త్రీలు ఆ పెరటికే పోయి పూజచేసికొనిరి. పొలములో ఎకరములకొలది కంద కుళ్లుచుండగా పెరటిలో ఒక్క మొక్కకు ఊరెల్ల మ్రొక్కుట చూచిన మాకు ఏమనుటకును తోచలేదు.

వెలుపలి మాగాణులలో కాలువ పొంగి నిలిచిన నీరు ఆరవనాటికి గాని దిగలేదు. నాటి నెలదినములైన వరి కొంత బ్రతికినది. నీరు తీసిన వెంటనే ఎకరమునకు ఇరువది కిలోల యూరియా, పది కిలోల పొటాషు చల్లుకొమ్మని వ్యవసాయశాఖవారు చెప్పినట్లు చేసినవారికి పిలకలు మరల లేచినవి. పల్లపు చేలలో మాత్రము మొదళ్లు కుళ్లి పైరు చేతికి ఊడివచ్చినది. అక్కడ మరల నాటవలెను. నారెక్కడిది? మెరక చేలవారి మడులలో మిగిలిన ముదురు నారు తప్ప వేరు లేదు. ముదురు నారైనచో కుదురునకు నాలుగైదు మొక్కలు చొప్పున దగ్గరదగ్గరగా నాటవలెను. అనగా నారు ఎక్కువ పట్టును, కూలి ఎక్కువ పడును.

ఇంతవరకు జరిగినది ఏ వరదలోనైనను జరుగునట్టిదే. మేమొక మాట స్పష్టముగా చెప్పదలచితిమి. ఆపదలు మనుష్యులను ఏకము చేయునని వేదికలమీద పొగడుట మాకు రుచింపదు. వరదనాటి ఐకమత్యము ఒండ్రు ఆరువరకే నిలుచుట మేము చూచితిమి. గట్టు తగాదాలు గట్టు కనబడగానే మరల లేచినవి. నష్టపు జాబితా వచ్చుసరికి, కట్టమీద నొకేసంచిని చెఱొక కొస పట్టుకొని మోసినవారే ఒకరిపేరు నొకరు కొట్టివేయించుటకు అర్జీలు పెట్టుకొనిరి. కోతలు కోసిరి, వడ్లు పోయినవి, మాగాణులలో మినుము వచ్చినది. ఆరు నెలలు గడచుసరికి ఆ రాత్రి సంగతి ఎవరికి వారు తమకు తోచినట్లు చెప్పుకొనుచుండిరి. కొందరసలు చెప్పుట మానిరి.

ఫాల్గుణ అమావాస్య సాయంకాలము సంఘపు గిడ్డంగిలో సభ్యులము కూడితిమి. కోశాధికారి వసూళ్లు, బాకీలు, ఎరువుల అమ్మకము చదివెను. చివర, “తరుగు: గోనెసంచులు 640” అని చదివెను. ఆడిటరుగారు పెట్టుమన్న పద్దు అది. ఎలుకలు కొట్టినను తరుగే, చిలుము పట్టినను తరుగే, కట్ట నిలిపినను తరుగే. చిట్టాలో దానికి మరియొక పేరు లేదు. మేమును వినియూరకుంటిమి. వెనుకనుండి ఒక వృద్ధుడు, “తరుగేమిటండీ, కట్టమీద కనబడుతున్నాయిగా!” అనెను. అందరును నవ్విరి. అట్లు నవ్వుటతో ఆ రాత్రి కథ మొదలైనది. ఒకడు బుంగను మొదట చూచినది తాననెను. మరియొకడు కాదు, చూచినది మేకలకాపరి పిల్లవాడనెను. ట్రాక్టరు డీజిలు ఎవరిదన్నదానిపై ఇద్దరు వాదించిరి. ఇద్దరును తమది కాదు, ఎదుటివానిదే యనుట వింతగా నుండెను. ఒక బడిపిల్లవాని నోటుపుస్తకము తీసికొని ఇవన్నియు వ్రాయుమంటిమి. చిట్టాలో ఇమడనిది ఎక్కడనో ఒకచోట నుండవలెనని తప్ప, అంతకు మించిన ఉద్దేశ మేమియు అప్పుడు మాకు లేదు.

ఆ పుస్తకములోని పద్దులు కొన్ని చెప్పెదము. పేర్లు తీసివేయుచున్నాము. ఒకచోట, మెరకచేని రైతొకడు పల్లపుచేని రైతునకు ముప్పదిరెండు కట్టల నారిచ్చినట్లును, ఆ యిద్దరికిని గట్టునుగూర్చి మున్సిఫు కోర్టులో దావా నడచుచున్నట్లును ఒకే వాక్యములో నున్నది. దావా ఇప్పటికిని నడచుచునే యున్నది. వాయిదాకు ఇద్దరును ఒకే బస్సులో పోవుదురు. ఇంకొకచోట, వంటచెఱకు తడిసిపోయిన వీధికి గ్యాసు పొయ్యి మోసికొనిపోయి రెండు పూటల అన్నము వండినవారి పేరులు. మరియొకచోట నారు అమ్ముకొన్నవాని పేరు కూడ కలదు, ధరతో సహా. అతడు దానిని కొట్టివేయుమని కోరెను. మేము కొట్టివేయలేదు గాని, అతడు చెప్పిన సమాధానమును క్రింద వ్రాసితిమి: ఆ డబ్బు కూతురి ఆసుపత్రి ఖర్చునకు పోయినది. అది వ్రాసినపిదప అతని చేతికి అంటిన మచ్చ కొంత తగ్గినది, పూర్తిగా పోలేదు.

సభ ఇట్లు సంతోషముగా సాగుచుండగా గుమ్మమువద్ద నిలుచున్న ఒక స్త్రీ గొంతు సవరించుకొనెను. ఆమె నాట్ల ముఠాకు మేస్త్రి. ఆ ముఠాలో పదునలుగురు స్త్రీలు. సెప్టెంబరులో రెండవమారు నాటునప్పుడు రైతులచేతిలో పైకము లేకుండెను. సగము కూలి అప్పుడు, సగము పంట వచ్చినపిదప అని ఒప్పుకొని, మోకాలిలోతు బురదలో ముదురునారు నాటినవారు వారే. ముదురునారు వేళ్లు గట్టివి; గోళ్లసందులు చీరుకొనిపోవును. ఆమె అన్నది: “అందరి సంగతీ రాశారు, బాగుంది బాబూ. మా సగం కూలి ఏ పుస్తకంలో రాశారండీ?”

గిడ్డంగిలో నిశ్శబ్దము. పదునొకండుగురు రైతులు ఆ సగమును ఇయ్యలేదు. వడ్లు అమ్మి మూడు నెలలైనది. కొందరు మరచిరి, కొందరు మరచినట్లుండిరి. ఆమెకు అందరి పేర్లును తెలియును, ఒక్క పేరు చెప్పలేదు. “మీరే రాసుకోండి” అని మాత్రమనెను. పిల్లవాడు కలము పట్టుకొని మా వంక చూచెను. మొదట ఒకడు లేచి తన పేరును మొత్తమును చెప్పెను. తరువాత మరియొకడు. చివరకు పదునొక్క పేర్లును వచ్చినవి. పదియవ పేరు మా పాలకవర్గములోనిది. అతడు లేచుటకు మిక్కిలి సేపు పట్టినది. ఉగాదినాటి మధ్యాహ్నమునకు తొమ్మిదిమంది చెల్లించిరి. మిగిలిన ఇద్దరు మినుము అమ్మినపిదప చెల్లించిరి. ఇది మాకు గొప్ప సంగతి కాదు, సిగ్గు సంగతి. ఆరు నెలలు ఆమె మా కార్యాలయము ముందునుండియే పనికి పోయి వచ్చుచుండెను. మేము అడుగలేదు. ఆమెను సభకు పిలిచినవారును లేరు. గిడ్డంగిలో నవ్వులు విని ఆగినదట.

పూర్వము కళ్లములో రాశి కొలుచునప్పుడు ఎవరెవరి కష్టమెంతయో రాశిచుట్టు నిలుచున్న జనమును చూచిననే తెలియుచుండెను. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, కుమ్మరి తమ తమ మేరలకై వచ్చుచుండిరి. ఆ యేర్పాటులో న్యాయమెంత కలదో అన్యాయమును అంత కలదు. ఎవడు ముందు నిలువవలెను, ఎవడు దూరముగా నిలిచి పొట్టుగింజలు ఎత్తుకొనవలెనన్నది పుట్టుకతోనే నిర్ణయమై యుండెను. దానిని మరల తేవలెనని మేము కోరము. కాని నేడు కోతమిషను గంటలో ఎకరము కోసి గట్టుమీదనే లారీలోనికి పోయును. తూకపు చీటి మిల్లునుండి ఫోనునకు వచ్చును. రాశి కనబడదు, రాశిచుట్టు మనుష్యులును కనబడరు. సంవత్సరాంతమున నైనను ఒకచోట నిలువని యెడల ఎవరి సగము ఎవరియొద్ద నిలిచినదో తెలియుట కష్టము.

మన పెద్దలు సంవత్సరములను అంకెలతో గాక పేర్లతో జ్ఞాపకముంచుకొనుటకు కారణము ఇదే యని మాకు తోచుచున్నది. గుంటూరు సీమలో 1832–33లో వచ్చిన క్షామమును నందన కరువనియు, డొక్కల కరువనియు చెప్పుకొనిరి. ఆ సీమలో లక్షకు మించిన జనము నశించిరి. రాయలసీమను 1876 మొదలు 1878 వరకు పీడించినది ధాత కరువు. అరువదేండ్లకొకమారు ఆ పేరు తిరిగివచ్చును. ఆ ధాతయే 1996లో వచ్చినప్పుడు నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను కూల్చినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినది పింగళ కార్తికమున. ప్రాణములు కోల్పోయినవారు పదివేలకు తక్కువ కారు. ఇప్పటికిని ఆ తీరగ్రామములవారు ఆ తేదీన స్తూపములవద్ద దీపములు పెట్టుదురు. పేరుతో పిలిచిన సంవత్సరము ఒకరి సొత్తు కాదు. “నా పొలము మునిగిన యేడు” అన్నది ఒకని మాట. “వరద వచ్చిన క్రోధి” అన్నది ఊరిమాట. ఒకని మాట ఊరిమాట యగుటకు నడుమ ఒక సభయైనను, ఒక అరుగైనను కావలెను.

సహకారసంఘములే అట్టి యొక చలికాలమునుండి పుట్టినవని మన సభ్యులలో పలువురు ఎఱుగకపోవచ్చును. జర్మనీలో 1846–47 క్షామకాలమున రైఫైజన్ అను గ్రామాధికారి తన ఊరివారిని కూడగట్టి పిండి తెప్పించి రొట్టెలు కాల్పించి అప్పుమీద ఇప్పించెను. ఆ అనుభవమునుండియే 1864లో హెడ్డెస్‌డార్ఫులో రైతుల ఋణసంఘము ఏర్పడినది. మన దేశమున 1904లో వచ్చిన మొదటి సహకార చట్టము గ్రామసంఘములకు అపరిమిత బాధ్యతను విధించినది. అనగా ఒక సభ్యుని బాకీకి అందరి ఆస్తియు పూచీ. నేడు ఆ పద్ధతి లేదు. దానిని భారమని పలువురు దూఱిరి, భారమే. కాని ఇరుగుపొరుగువాని చేను మునిగినదా లేదా యని తెలిసికొనక తప్పని బాధ్యత అది. అంత బాధ్యత పోయినపిదప మనము తెలిసికొనుట మన యిష్టము మీద నిలిచినది. ఆ నాట్ల మేస్త్రి సంగతిలో మా యిష్టము ఎంత పనిచేసినదో పైన చెప్పితిమి.

ఆ రాత్రి పుస్తకములో చేరిన చివరి పద్దు లంక కౌలురైతుది. అతడు ఎకరము నలుబది సెంట్లలో కంద, అరటి వేసెను. మొత్తము పోయినది. భూమి యజమాని విదేశమున నున్నాడు. ఈ-పంట నమోదులో యజమాని పేరే యుండెను. సహాయము ఆ ఖాతాకే పోయినది. కౌలుదారులకు 2011లో ఒక చట్టము, 2019లో మరియొక చట్టము వచ్చినవి. రెండవదాని ప్రకారము యజమానితో పదునొకండు నెలల ఒడంబడిక యున్నచో సాగుదారు హక్కు కార్డు వచ్చును. యజమాని సంతకము చేయవలెను. చేసిన భూమిమీద హక్కు పోవునని యజమానుల భయము. పోదని చట్టమే చెప్పుచున్నది. ఐనను సంతకములు రావు. కార్డు లేనివానికి సంఘములో అప్పు పుట్టదు. మా సంఘమును ఇయ్యలేదు. అతడు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చెను.

అతడు సభలో డబ్బు అడుగలేదు, అప్పు అడుగలేదు. “నా పంట పోయిందని ఎక్కడో ఒకచోట రాయండయ్యా. ఏ కాగితంలోనూ నేను పంట వేసినట్టే లేదు” అనెను. పిల్లవాడు వ్రాసెను: ఎన్ని సెంట్లు, ఎన్ని కంద దుంపలు విత్తనము వేసినది, ఎన్ని అరటి పిలకలు, ఏనాడు నీరు ఎక్కినది. ప్రక్కపొలములవారు నలుగురు సంతకములు చేసిరి, ఇద్దరు వేలిముద్రలు వేసిరి. ఆ పుట నకలును యజమానికి పంపితిమి. రెండు నెలలవరకు జవాబు లేదు. వైశాఖము కడపట ఆయన కుమార్తె వేసవి సెలవులకు వచ్చి, కార్యాలయమున ఆ నోటుపుస్తకమును తానే చదివి, తండ్రితో ఫోనులో చాలసేపు మాటలాడెను. ఒడంబడికపై సంతకమైనది. కార్డు వచ్చినది. వరదసహాయపు సొమ్ములో సగము కౌలుదారుని చేతికి వచ్చినది, సగము రాలేదు. ఎందుకు రాలేదని మేము అడుగలేదు. అడుగవలసినదా యని మాలో మాకు ఇప్పటికిని ఏకాభిప్రాయము లేదు.

కార్డు పదునొకండు నెలలదే. అనగా ఈ చైత్రము దాటకముందే దాని గడువు తీరును. ఈలోపల విశ్వావసు గడచినది. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను తీరము దాటినపుడు మా వైపు వరి పాలుపోసుకొను దశలో కొంత నేలకొరిగినది. పడిన కుదుళ్లను నాలుగైదింటిని కలిపి కట్టి నిలిపినవారికి గింజ దక్కినది. లంకలో అరటి గెలలతో సహా విరిగినది. ఈమారు కౌలుదారుని పేరు జాబితాలో నుండెను. అందువలన అతని నష్టము తగ్గలేదు. గుమాస్తాను అతడు, “పేరుతో పోయింది” అని నవ్వుచు చెప్పెనట.

ఉగాదినాడు పంచాంగ శ్రవణమున సిద్ధాంతిగారు రాజెవరు, మంత్రియెవరు, సస్యాధిపతి యెవరు, మేఘాధిపతి యెవరు అని చెప్పుచు, వచ్చు యేటి వాన సముద్రమున ఇన్ని భాగములు, పర్వతములమీద ఇన్ని భాగములు, భూమిమీద ఇన్ని భాగములు అని పంచిచెప్పుదురు. పిల్లలకు అది నవ్వులాట. మా సభ్యులలో ఒక వృద్ధురాలు మాత్రము ఏటేట అది విని, “మన వాటా తక్కువే!” అని నిట్టూర్చును. పోయినయేడు ఆమె శ్రవణమునకు వచ్చి, సిద్ధాంతిగారు మొదలు పెట్టకముందే, రాత్రి వ్రాసిన నోటుపుస్తకమును ఒకమారు అందరికిని చదివి వినిపింపుమని కోరెను. సిద్ధాంతిగారు సంతోషముతో ఒప్పుకొనిరి. అందుచేత మా యూరిలో వచ్చు సంవత్సరపు ఫలములకు ముందు గడచిన సంవత్సరపు పద్దులు చదువబడినవి. కూలి బాకీల పుట చదువునప్పుడు గుమాస్తా కొంత తడబడెను. పేర్లు విడువవలసినదని కొందరనిరి. తామే చెప్పిన పేర్లు కదా యని మరికొందరనిరి. ఆ వాదము తేలలేదు.

ఆడిటరుగారు ఈయేడు వచ్చినప్పుడు మా బల్లమీద ఆ పుస్తకమును చూచిరి. త్రిప్పి త్రిప్పి చూచి, ఇది తనిఖీకి సంబంధించినది కాదని ప్రక్కన పెట్టిరి. పోవునప్పుడు మాత్రము, ఆ గోనెసంచుల పద్దు ఏ పుటలో నున్నదని అడిగి, చిట్టాలోని “తరుగు” ప్రక్కన సీసపుకడ్డీతో ఆ పుటసంఖ్య వేసిరి.

ఈ యేటి చదువుట ఉగాదికి ముందటి సాయంకాలము, దీపములు పెట్టువేళ. గిడ్డంగినిండ మినుము బస్తాలున్నందున ఆవరణలోని వేపచెట్టుక్రింద కూర్చుందము. చెట్టు పూతమీద నున్నది; పచ్చడికి పువ్వు కావలసినవారు రాల్చుకొనవచ్చును, కొమ్మలు విఱువరాదు. చాపలు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. నాట్ల ముఠాలకును, లంక కౌలుదారులకును ఈమారు ముందుగనే మనిషిని పంపి చెప్పించినాము. విశ్వావసులో చెల్లింపక మిగిలినది ఏదైన నున్నవారు ఆ సాయంకాలమునకు ముందే చెల్లించి వచ్చిన, చదువు గుమాస్తాకు కొంత సుఖముగా నుండును. లంకకార్డు సంతకముకొఱకు యజమానికి వ్రాసిన ఉత్తరమునకు ఈ సంచిక అచ్చునకు పోవువేళకు ఇంకను జవాబు రాలేదు.